అలబామాలో కెనెడీకి పడిన ఓట్లెన్ని?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద ముందుగా ఒక అంకె రాస్తున్నాను: 1,12,827. 1960 నవంబరు 8న జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ జాన్ కెనెడీకి రిపబ్లికన్ రిచర్డ్ నిక్సన్ కన్నా ఇన్ని ఓట్లు ఎక్కువొచ్చాయని పుస్తకాల్లో ఉంటుంది. కెనెడీకి 3,42,20,984. నిక్సన్‌కి 3,41,08,157. ఏడు కోట్లకి కాస్త తక్కువ మంది ఓటేసిన ఎన్నికలో లక్ష చిల్లర తేడా. ఈ అంకె నిలవాలంటే ఒక్క రాష్ట్రం లెక్కని మనం కళ్ళు మూసుకుని ఒప్పుకోవాలి. ఆ రాష్ట్రం అలబామా.

1960 అనగానే చాలామందికి షికాగో దొంగ ఓట్ల ఆరోపణలు గుర్తొస్తాయి. వాటి జోలికి ఈరోజు వెళ్ళను. అలబామా గొడవ అలాంటిది కాదు. అక్కడి అధికారులు ప్రకటించిన ప్రతి అంకెనూ ఉన్నదున్నట్టు ఒప్పుకుందాం. ఒప్పుకున్నా లెక్క తేలదు. ఎందుకు తేలదో చూద్దాం.

అమెరికా ఓటరు అధ్యక్షుడికి నేరుగా ఓటేయడని మీకు తెలుసు. తన రాష్ట్రం తరఫున ఎలెక్టర్లను ఎన్నుకుంటాడు, వాళ్ళు డిసెంబరులో అధ్యక్షుడికి ఓటేస్తారు. ఏ రాష్ట్రానికి ఎంతమంది ఎలెక్టర్లంటే, ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లుంటే అన్ని, సెనేట్‌కి ఇంకో రెండు. అలబామాకి అప్పుడు 9 ప్లస్ 2, పదకొండు. దేశం మొత్తానికి 537. గెలవాలంటే 269 కావాలి. (ఇప్పుడు 538 అంటారు. అలాస్కా, హవాయి కొత్తగా చేరినందుకు ఆ ఒక్కసారి సభలో సీట్లు 437 అయ్యాయి. రాజధాని వాషింగ్టన్‌కి అప్పటికింకా ఓటు రాలేదు.)

మిగతా రాష్ట్రాల్లో చాలాచోట్ల ఎలెక్టర్లంతా ఒకే జాబితా. ఓటరు ఒక్క గుర్తు పెడితే జాబితా మొత్తానికి ఓటు పడుతుంది. కాబట్టి "కెనెడీకి ఇన్ని ఓట్లు" అంటే కెనెడీ జాబితాకి ఇన్ని ఓట్లని అర్థం, చిక్కేమీ లేదు. అలబామాలో మాత్రం పదకొండు మంది ఎలెక్టర్లకీ విడివిడిగా ఓట్లేయాలి, విడివిడిగా లెక్కపెట్టాలి. కాగితం మీద కెనెడీ పేరు లేదు. నిక్సన్ పేరూ లేదు. ఉన్నవి ఎలెక్టర్ల పేర్లే.

ఆ కాగితాన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. పార్టీకో నిలువు వరస. వరస నెత్తిన పార్టీ గుర్తు. అలబామా డెమొక్రాట్ల గుర్తు మీరనుకునే గాడిద కాదు, కోడిపుంజు. పుంజు తల మీద ఒక పట్టీ, అందులో "వైట్ సుప్రిమసీ" అని, కింద "ఫర్ ది రైట్" అని. తెల్లవాళ్ళ ఆధిపత్యం, న్యాయం కోసం! సభల్లో ఇచ్చే నినాదం కాదిది, ఓటు కాగితం మీద అచ్చయిన ముద్ర. 1904 నుంచి ఉంది. 1966 జనవరిలో గానీ ఆ మాట తీసేసి "డెమొక్రాట్స్" అని మార్చలేదు. ఆ ఏడాదే లౌండ్స్ కౌంటీలో నల్లవాళ్ళు సొంత పార్టీ పెట్టుకుని నల్ల చిరుతని గుర్తుగా తీసుకున్నారు. ఆ పుంజుకి జవాబుగానే ఈ చిరుత వచ్చింది.

గుర్తు కింద ఒక్క ఇంటూ మార్కు పెడితే ఆ వరసలో ఉన్న అందరికీ ఓటు పడిపోతుంది: పదకొండు మంది ఎలెక్టర్లు, సెనేట్ అభ్యర్థి, కింద ఉన్నవాళ్ళంతా. ఆ ఏడాది సెనేట్‌కి జాన్ స్పార్క్‌మన్ మళ్ళీ నిలబడ్డాడు, అదే వరసలో ఉన్నాడు. ఓపికున్నవాడు గుర్తు వదిలేసి ఒక్కొక్క పేరు పక్కనా గీతలు పెట్టుకోవచ్చు, పదకొండుకి మించకుండా. అంత ఓపిక ఎందరికుంటుంది? పుంజు కింద ఒక్క మార్కు పెట్టి ఇంటికెళ్ళిపోయినవాళ్ళే అత్యధికులని ఫలితాల్ని చూస్తేనే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. పుంజు కింద ఉన్న పదకొండు మందిలో అయిదుగురు కెనెడీకి ఓటేస్తామని మాటిచ్చినవాళ్ళు. ఆరుగురు ఎవరికీ మాటివ్వనివాళ్ళు. "మాటివ్వని" అంటే ఊగిసలాడుతున్నారని కాదు. నల్లవాళ్ళ హక్కుల గురించి మాట్లాడే ఏ అభ్యర్థికీ ఓటేయబోమని కూర్చున్నవాళ్ళు.

మన దగ్గర 1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తుందా? పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఎదురుగా వి.వి. గిరి, "ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయండి" అన్న ఇందిరా గాంధీ పిలుపు. పైకి అదీ ఇదీ ఒకేలా కనిపిస్తాయి. కానీ మన ఎమ్మెల్యే, ఎంపీ రహస్యంగా ఓటేశారు. ఎలెక్టర్ అలా కాదు, తను ఎవరికి ఓటేశాడో తెలిపే పత్రం ఆరు ప్రతుల మీద సంతకం పెట్టాలి. ఇంకో తేడా, అలబామా వాళ్ళు చివరి నిమిషంలో ఆత్మ మాట విన్నవాళ్ళు కాదు. మాటివ్వం అని ముందే చెప్పి మరీ గెలిచారు.

ఒకే గుర్తు కింద రెండు ముఠాలు ఎలా చేరాయి? దీనికి పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1948లో డెమొక్రాట్ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ పౌరహక్కుల ఊసెత్తితే పార్టీ మహాసభ నుంచి అలబామా ప్రతినిధుల్లో సగం మంది లేచి వెళ్ళిపోయారు. జులైలో బర్మింగ్‌హామ్‌లో వేరే సభ పెట్టుకుని సౌత్ కరోలినా గవర్నర్ స్ట్రామ్ థర్మండ్‌ని నిలబెట్టారు. ఆ సభలో కీలక ఉపన్యాసం ఇచ్చింది అలబామా మాజీ గవర్నర్ ఫ్రాంక్ డిక్సన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ ఏడాది అలబామాలో పుంజు గుర్తు థర్మండ్‌కే పోయింది. దేశాధ్యక్షుడు ట్రూమన్‌కి ఓటేద్దామన్నా దారి లేదు. థర్మండ్‌కి 1,71,443 ఓట్లు, దాదాపు 80 శాతం.

దెబ్బతిన్న పార్టీ విధేయులు తర్వాత రాష్ట్ర కమిటీని చేజిక్కించుకుని ఒక నిబంధన పెట్టారు: ప్రైమరీలో (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లు తేల్చే తొలి ఎన్నికలో) ఎలెక్టర్‌గా నిలబడాలంటే పార్టీ జాతీయ అభ్యర్థికే ఓటేస్తానని రాసివ్వాలి. ఎడ్మండ్ బ్లెయిర్ అనే ఆయన రాసివ్వనన్నాడు, కోర్టుకెక్కాడు. 1952లో సుప్రీంకోర్టు 5-2 తేడాతో పార్టీకే ఓటేసింది, ప్రైమరీలోకి రానిచ్చే ముందు మాట అడగడం పార్టీ హక్కు అంది. గమనించండి, అడగొచ్చు అంది గానీ అడిగి తీరాలి అనలేదు. ఇచ్చిన మాట తప్పితే ఏం చేయాలన్నదీ తేల్చలేదు. 1956లో ఇది బయటపడింది. డెమొక్రటిక్ అభ్యర్థి అడ్లై స్టీవెన్సన్ అలబామా గెలిచాడు, కానీ పదకొండు మందిలో ఒక ఎలెక్టర్ స్టీవెన్సన్‌ని వదిలేసి మాంట్‌గోమరీ జడ్జి వాల్టర్ జోన్స్‌కి ఓటేశాడు. స్టీవెన్సన్‌కి దేశంలో 74 రావలసింది 73 వచ్చాయి. (ఈ జోన్స్ కోర్టులోనే 1960 ఎన్నికకి సరిగ్గా అయిదు రోజుల ముందు న్యూయార్క్ టైమ్స్ పత్రిక మీద మాంట్‌గోమరీ నగర కమిషనర్ సలివన్ వేసిన పరువునష్టం దావాలో తీర్పు వచ్చింది. అది వేరే ఉపన్యాసం.)

1960 ప్రైమరీకి రెండు రకాలవాళ్ళనీ రానిచ్చారు. విధేయుల బలం ఉత్తరాన, టీవీఏ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కట్టిన ఆనకట్టల కరెంటు అందిన టెనెసీ లోయలో. సెనేటర్లు లిస్టర్ హిల్, స్పార్క్‌మన్ ఈ పక్షం. మాటివ్వనివాళ్ళ బలం దక్షిణాన పత్తి పండే నల్లరేగడి జిల్లాల్లో, "బ్లాక్ బెల్ట్"లో. అక్కడ నల్లవాళ్ళే ఎక్కువ, ఓటు మాత్రం తెల్లవాళ్ళకే. రాష్ట్రం మొత్తం మీద ఓటు వయసొచ్చిన నల్లవాళ్ళలో జాబితాకెక్కింది ఏడుగురిలో ఒకరు. ఏడాదికి డాలరున్నర ఓటు పన్ను వేరే. 32,66,740 మంది జనాభా ఉన్న రాష్ట్రంలో పోలైనవి అయిదు లక్షల డెబ్భై వేల చిల్లరంటే కారణం ఇదే. ఇంకో మాట చెప్పాలి. విధేయులంటే నల్లవాళ్ళ పక్షమని పొరబడకండి. కెనెడీకి ముందుగానే మద్దతు పలికిన అలబామా గవర్నర్ జాన్ పాటర్సన్ నల్లవాళ్ళని తెల్లవాళ్ళతో కలవనివ్వకూడదనే కరడుగట్టిన జాతి విభజనవాది. గొడవ లక్ష్యం గురించి కాదు, పార్టీలో ఉండి సాధించాలా, బయట బెదిరించి సాధించాలా అన్నదాని గురించి.

ప్రైమరీలో ఆరుగురు అటు, అయిదుగురు ఇటు తేలారు. పదకొండు మందీ పుంజు కింద చేరిపోయారు. అదే ఎడ్మండ్ బ్లెయిర్, అదే ఫ్రాంక్ డిక్సన్ ఆ ఆరుగురిలో ఉన్నారు.

ఇప్పుడు నవంబరు ఫలితం రాస్తాను.

మాటివ్వనివాళ్ళలో అందరికన్నా ఎక్కువ వచ్చింది డిక్సన్‌కి: 3,24,050.
కెనెడీ ఎలెక్టర్లలో ఎక్కువ వచ్చినాయనకి: 3,18,303.
నిక్సన్ ఎలెక్టర్లలో ఎక్కువ వచ్చినాయనకి: 2,37,981.
చిన్నాచితకా పార్టీలన్నీ కలిపి: 8,194.

ఇక్కడ కెనెడీ ఓట్లెన్ని? నాలుగు దారులున్నాయి, నాలుగూ వేసి చూద్దాం.

మొదటిది పుస్తకాల దారి. ఎలెక్టర్లకి విడివిడిగా ఓట్లేసే చోట, అభ్యర్థి ఎలెక్టర్లలో ఎక్కువ వచ్చినాయన అంకెనే అభ్యర్థి ఓటుగా రాయడం వాడుక. కెనెడీకి 3,18,303, నిక్సన్‌కి 2,37,981. బాగానే ఉంది. మరి మాటివ్వనివాళ్ళకి? ఏమీ రాయరు. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న జాబితా గడి ఖాళీ! ఈ పద్ధతిలోనే 1,12,827 వస్తుంది.

రెండోది, వాడుకని నిజాయితీగా అందరికీ వర్తింపజేయడం. కెనెడీకి 3,18,303, మాటివ్వనివాళ్ళకి 3,24,050, నిక్సన్‌కి 2,37,981. కూడితే 8,80,334. ఓటుకొచ్చినవాళ్ళేమో అయిదు లక్షల డెబ్భై వేలు. మూడు లక్షల మందిని రెండేసిసార్లు లెక్కపెట్టేశాం.

మూడోది పంపకం. కాంగ్రెషనల్ క్వార్టర్లీ పత్రిక వాళ్ళు వేసిన లెక్క. పుంజు కింద పెద్ద అంకె 3,24,050. పదకొండుతో భాగిస్తే తలా 29,459. అయిదు వంతులు కెనెడీకి: 1,47,295. ఆరు వంతులు మాటివ్వనివాళ్ళకి: 1,76,755. ఇప్పుడు కెనెడీ దేశవ్యాప్త మొత్తంలోంచి 1,71,008 తగ్గాయి. బోర్డు మీది 1,12,827లోంచి తీసేయండి. మైనస్ 58,181. అంటే ప్రజల ఓట్లలో నిక్సన్ గెలిచాడు!

నాలుగోది మొండి దారి. ఆ వరసలో ఎక్కువ ఓట్లు మాటివ్వనివాళ్ళకే వచ్చాయి కాబట్టి అది వాళ్ళదే, కెనెడీకి సున్నా అనడం. అప్పుడు నిక్సన్ ఆధిక్యం 2,05,476. దీన్ని ఎవరూ గట్టిగా సమర్థించరు, నేనూ సమర్థించను. హద్దు ఎక్కడుందో చూపడానికి చెప్పాను.

మూడో లెక్క చాలామందికి నచ్చుతుంది, న్యాయంగా కనిపిస్తుంది కాబట్టి. నాకు దానిలో రెండు లోపాలు కనిపిస్తాయి. పదకొండు ఓట్లేసిన నిక్సన్ ఓటరుని ఒక మనిషిగా లెక్కపెట్టి, పదకొండు ఓట్లేసిన డెమొక్రాట్ ఓటరుని మాత్రం అయిదు ముక్కలు ఇటు, ఆరు ముక్కలు అటు కోసింది. ఆ ఓటరు మనసులో ఎవరున్నా సరే, ముక్కలు మారవు. రెండో లోపం ఇంకా పెద్దది. 5-6 నిష్పత్తి మే నెల ప్రైమరీలోంచి వచ్చింది, నవంబరు ఓటులోంచి కాదు. ప్రైమరీలో ఒక ఫలితం అటుదిటు అయివుంటే 6-5 అయ్యేది, నవంబరులో ఒక్క ఓటరు మనసు మార్చుకోకుండానే కెనెడీకి మరో 29 వేలు పెరిగేవి.

"సరే, డిక్సన్‌కి ఎక్కువొచ్చిన 5,747 మందే నికార్సయిన మాటివ్వని పక్షం, మిగతా అంతా కెనెడీవాళ్ళే" అనేవాళ్ళూ ఉన్నారు. దీనికి జవాబు నిక్సన్ వరసలో ఉంది. అక్కడ ఏ ముఠా గొడవా లేదు, పదకొండు మందీ నిక్సన్‌కి మాటిచ్చినవాళ్ళే. అయినా ఎక్కువొచ్చినాయనకి 2,37,981, తక్కువొచ్చినాయనకి 2,30,951. తేడా 7,030. ఊళ్ళో తెలిసిన పేరనో, కాగితంలో పైనుందనో, ఓపిక అయిపోయిందనో ఆ మాత్రం తేడా ఎప్పుడూ ఉంటుంది. గొడవ లేని వరసలోనే ఏడువేలు తేడా ఉంటే, గొడవ ఉన్న వరసలో 5,747 తేడాని పట్టుకుని ఓటరు మనసు చెప్పగలమా?

ఇంకో పేచీ చూడండి. పట్టికల్లో అలబామా మొత్తం ఓట్లు 5,70,225 అని ఉంటుంది. అది తలలు లెక్కపెట్టి రాసినట్టు కనిపిస్తుంది. బోర్డు మీద కూడండి: 3,24,050, 2,37,981, 8,194. సరిగ్గా 5,70,225. అంటే ఆ మొత్తం కూడా ఎక్కువొచ్చినవాళ్ళ అంకెల కూడికే. పుంజు కింద మార్కు పెట్టకుండా పేర్లు ఏరుకున్నవాడు ఒకరిద్దరికే ఓటేసివుంటే ఈ మొత్తంలోంచి జారిపోవచ్చు.

ఒకరికి ఒకటి కన్నా ఎక్కువ ఓట్లిస్తే లెక్క ఎలా తిరగబడుతుందో తెలుగువాళ్ళకి తెలియనిది కాదు. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గానికి రెండు సీట్లు, ఒకటి గిరిజనులకి రిజర్వు, ఓటరుకి రెండు ఓట్లు. బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరి దొర, ఇద్దరు గిరిజన అభ్యర్థులూ మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. జనరల్ సీటుకి ఆశపడిన వి.వి. గిరి 565 ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 1959లో ఓడిపోయారు. 1961 చట్టంతో రెండు సీట్ల నియోజకవర్గాలే పోయాయి. అక్కడా "ఫలానా పార్టీకి ఎంతమంది ఓటేశారు" అని అడిగితే ఓట్ల సంఖ్య చెప్పగలం గానీ మనుషుల సంఖ్య చెప్పలేం. అయితే పార్వతీపురంలో కాగితాల మీద ఉన్నవాళ్ళే అభ్యర్థులు. అలబామాలో కాగితం మీద ఉన్నవాళ్ళ వెనక ఇంకెవరో ఉన్నారు.

పక్క రాష్ట్రం మిసిసిపీలోనూ మాటివ్వనివాళ్ళున్నారు. అక్కడ మాత్రం చిక్కు లేదు. వాళ్ళది వేరే జాబితా, కెనెడీది వేరే జాబితా. మాటివ్వనివాళ్ళకి 1,16,248, కెనెడీకి 1,08,362, నిక్సన్‌కి 73,561. ఎనిమిది ఎలెక్టర్లూ మాటివ్వనివాళ్ళవే. లూయిజియానాలోనూ విడి జాబితాయే, ఓడిపోయింది. కలగలిపింది అలబామా ఒక్కటే.

చివరికి వీళ్ళు సాధించిందేమిటి? ఎవరికీ 269 రాకుండా చేస్తే ఎన్నిక ప్రతినిధుల సభకి వెళ్తుంది, అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు, 26 రాష్ట్రాలు కావాలి. అప్పుడు దక్షిణాది తన బేరం తను ఆడుకోవచ్చు. పథకం ఇదీ. కెనెడీకి వచ్చినవి 303. దాన్ని 268కి దించాలంటే 35 మందిని లాగాలి. డిసెంబరు 19న అలబామా ఆరుగురు, మిసిసిపీ ఎనిమిది మంది కలిసి వర్జీనియా సెనేటర్ హ్యారీ బర్డ్‌కి ఓటేశారు. ఆయన అసలు పోటీలోనే లేడు. ఓక్లహామాలో నిక్సన్ తరఫున గెలిచిన ఒక ఎలెక్టర్ కూడా బర్డ్ వైపు దూకాడు. మొత్తం 15. కెనెడీ 303, నిక్సన్ 219, బర్డ్ 15. ఈ పదిహేనూ నిక్సన్‌కి పోయినా కెనెడీ గెలుపు చెక్కు చెదరదు. కాబట్టి అలబామా లెక్క వల్ల అధ్యక్షుడు మారడు. "ప్రజల ఓట్లలో కూడా కెనెడీయే గెలిచాడు" అన్న ఒక్క వాక్యం మాత్రం నిలబడుతుందో లేదో చెప్పలేం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మీరే పట్టిక వేయాల్సివస్తే ఏం రాస్తారండీ?)

కెనెడీ అన్న గడి పెట్టను. "డెమొక్రటిక్ ఎలెక్టర్లు, అయిదుగురు కెనెడీకి, ఆరుగురు మాటివ్వనివాళ్ళు: 3,18,303 – 3,24,050" అని ఒకే వరస రాస్తాను. దేశవ్యాప్త మొత్తం వేసేటప్పుడు అలబామాని పక్కనపెట్టి మిగతా 49 రాష్ట్రాల కూడిక ఇస్తాను: కెనెడీ 3,39,02,681, నిక్సన్ 3,38,70,176. తేడా 32,505, కెనెడీవైపు. అలబామా ఏ దారిన కలపాలో చదివేవాళ్ళే కలుపుకుంటారు.

(సభలోంచి: తర్వాతి ఎన్నికకైనా సర్దుకుందా?)

ఇంకా ముదిరింది. 1964 నాటికి సీట్లు తగ్గి ఎలెక్టర్లు పదిమంది అయ్యారు. ఈసారి పుంజు కింద పదికి పదిమందీ మాటివ్వనివాళ్ళే, 1948లో ట్రూమన్‌కి పట్టిన గతే అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కీ పట్టింది. రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కి 4,79,085, మాటివ్వని జాబితాకి 2,10,732. లెక్క వేయడం మాత్రం సులువు, కలగాపులగం లేదు కాబట్టి. కొన్ని పట్టికల్లో ఆ రెండు లక్షల పదివేలని జాన్సన్ గడిలో వేసేస్తుంటారు, అది శుద్ధ తప్పు. కొన్నింటిలో సున్నా వేస్తారు. జాన్సన్‌కి ఓటేయమని అడిగితే కదా సున్నా వచ్చేది. మీరు పట్టిక వేస్తే ఆ గడిలో అడ్డగీత పెట్టండి.